పుట్టిందొక చోట, ఆడేదొక దేశానికి

క్రికెటర్ ఏ దేశం తరఫున అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడవచ్చో అంతర్జాతీయ క్రికెట్ మండలి, అంటే ఐసీసీ, రాసిపెట్టిన నియమాలను బట్టి తేలుతుంది. ఆ నియమాల ప్రకారం అర్హతకు మూడు దారులున్నాయి. ఆటగాడు ఆ దేశంలో పుట్టి ఉండాలి, లేదా ఆ దేశ పాస్‌పోర్టు ఉండాలి. ఈ రెండూ లేకపోతే గడిచిన మూడేళ్లుగా ఆ దేశంలోనే స్థిరంగా నివసిస్తూ ఉండాలి. మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు.

మూడో దారి చాలా ఆటల్లో కనిపించదు. ఫుట్‌బాల్‌లో జాతీయ జట్టుకు ఆడాలంటే ఆ దేశ పౌరసత్వం ఉండాల్సిందే. ఒలింపిక్స్‌లోనూ అంతే. క్రికెట్‌లో మాత్రం భారత పాస్‌పోర్టు పెట్టుకునే ఒమన్‌కు ఆడవచ్చు, పాకిస్తాన్ పాస్‌పోర్టు పెట్టుకునే యూఏఈకి ఆడవచ్చు. బతుకుదెరువు కోసం దేశం దాటినవాళ్ల కోసం ఈ ఆట తెరిచి ఉంచిన తలుపు ఇది. నిజామాబాద్ జిల్లాలో ఈ సంగతి అర్థం చేసుకోవడానికి పెద్ద వివరణ అక్కర్లేదు. ఏర్గట్ల, మోర్తాడ్, కమ్మర్‌పల్లి, బాల్కొండ మండలాల్లో గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడకట్టు దొరకడం కష్టం. దుబాయిలో, మస్కట్‌లో ఇరవై ఏళ్లు పనిచేసినా అక్కడి పౌరసత్వం రాదని ఇక్కడ అందరికీ తెలుసు. వీసా అయిపోతే తిరిగి రావాల్సిందే. పౌరసత్వం ఇవ్వని ఆ దేశాల్లోనే మూడేళ్లు నివాసమున్న ఆటగాడికి జాతీయ జట్టులో చోటు దొరుకుతుంది.

అలా చోటు సంపాదించినవాళ్లలో హైదరాబాద్‌లో పుట్టిన సందీప్ గౌడ్ ఒకరు. 2019 నుంచి ఆయన ఒమన్ తరఫున అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడారు. 2021లో టీ20 ప్రపంచకప్ తొలి రౌండ్ మ్యాచ్‌లు మస్కట్ శివారులోని అల్ అమెరాత్ మైదానంలో జరిగినప్పుడు ఒమన్ జట్టులో ఉన్నారు. ఆ జట్టులో ఎక్కువమంది భారత్‌లోనో పాకిస్తాన్‌లోనో పుట్టి, ఉద్యోగాల కోసం ఒమన్ చేరినవాళ్లు. పగలు కంపెనీ పని, సాయంత్రం ప్రాక్టీసు, శుక్రవారం సెలవునాడు లీగ్ మ్యాచ్. ఏళ్ల తరబడి అక్కడి క్రికెట్ ఇలాగే నడిచింది. ఖిమ్జీ కుటుంబం వంటి వ్యాపార కుటుంబాలు ఆటగాళ్లకు కొలువులు ఇచ్చి, మైదానాలకు డబ్బు పెట్టి ఆటను నిలబెట్టాయి. 2016లో తొలిసారి ప్రపంచకప్‌కు వచ్చిన ఒమన్ ధర్మశాలలో ఐర్లాండ్‌ను ఓడించింది.

2025 సెప్టెంబరు 19న అబుదాబిలో జరిగిన ఆసియాకప్ మ్యాచ్ ఈ నియమం ఎలా పనిచేస్తుందో కళ్లకు కట్టింది. ఒకవైపు భారత్, మరోవైపు ఒమన్. ఒమన్ కెప్టెన్ జతీందర్ సింగ్ పుట్టింది లుధియానాలో. ఆ జట్టులో అత్యధికంగా 64 పరుగులు చేసిన ఆమిర్ కలీమ్ పుట్టింది కరాచీలో, అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. భారత్ 188 పరుగులు చేస్తే ఒమన్ నాలుగు వికెట్లు మాత్రమే పోగొట్టుకుని 167 దాకా వచ్చింది. జీతానికి పనిచేస్తూ ఆట నేర్చుకున్నవాళ్లు ప్రపంచ చాంపియన్లకు చివరి ఓవర్ల దాకా ఎదురు నిలిచారు. ఈ నియమం లేకపోతే ఆ జట్టే ఉండేది కాదు.

నివాస నియమాన్ని దుర్వినియోగం చేసిన సందర్భాలూ ఉన్నాయి. 1994లో నైరోబీలో జరిగిన ఐసీసీ ట్రోఫీని యూఏఈ గెలుచుకుని 1996 ప్రపంచకప్‌కు అర్హత సాధించింది. ఆ జట్టులో స్థానిక అరబ్బు కెప్టెన్ సుల్తాన్ జరవానీ ఒక్కడే. మిగిలినవాళ్లు భారత ఉపఖండం నుంచి వచ్చినవాళ్లు. కేవలం క్రికెట్ కోసమే కొందరిని తెచ్చుకున్నారని మిగతా చిన్న దేశాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. ఆ తర్వాత ఐసీసీ అర్హత నిబంధనలను బిగించింది. నివాసం అంటే పేరుకు ఒక చిరునామా ఉంటే సరిపోదు. ఏడాదిలో అధిక భాగం ఆటగాడు అక్కడే ఉన్నట్టు కాగితాలతో రుజువు చేయాలి. వీసా, ఉద్యోగ పత్రాలు, రాకపోకల ముద్రలు అన్నీ లెక్కలోకి వస్తాయి. కంపెనీ వీసా మీద పోయినవాడికి ఈ కాగితాలు చేతిలోనే ఉంటాయి. ఆకామా, అంటే నివాస అనుమతి పత్రం, పోగొట్టుకుని అనధికారికంగా, గల్ఫ్ మాటలో ఖల్లివెల్లిగా, తిరిగేవాడు ఎంత గొప్పగా బంతి వేసినా, ఎన్నేళ్లు అక్కడ బతికినా ఆ ఏళ్లను చూపించుకోలేడు. గల్ఫ్‌లో మిగతా అన్నిటిలాగే క్రికెట్ అర్హత కూడా చివరికి కాగితం దగ్గరే ఆగుతుంది.

నిజానికి నివాసం ద్వారా అర్హత అన్న ఆలోచన కొత్తది కాదు. 1909లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా కలిసి ఇంపీరియల్ క్రికెట్ కాన్ఫరెన్స్ ఏర్పాటు చేసుకున్నప్పుడే పుట్టుకతో పాటు నాలుగేళ్ల నివాసాన్నీ అర్హతగా ఒప్పుకున్నాయి. అయితే దేశాల సరిహద్దులే మారిపోతే ఏం చేయాలో ఆ కాలపు నియమాలు చెప్పలేదు. 1947 దేశ విభజన తర్వాత అమీర్ ఇలాహీ, గుల్ మహమ్మద్, అబ్దుల్ హఫీజ్ కర్దార్ ముగ్గురూ భారత్‌కు ఆడి, ఆ తర్వాత పాకిస్తాన్‌కు ఆడారు. కర్దారే పాకిస్తాన్ తొలి టెస్టు కెప్టెన్. వీళ్లకంటే ముందే పటౌడీ నవాబు ఇఫ్తికార్ అలీ ఖాన్ ఇంగ్లండ్‌కు మూడు టెస్టులు ఆడి, 1946లో భారత కెప్టెన్‌గా అదే ఇంగ్లండ్‌కు వెళ్లారు. ఆయన కొడుకు మన్సూర్ అలీ ఖాన్ ఆ తర్వాత చాలా ఏళ్లు హైదరాబాద్ రంజీ జట్టుకు ఆడటంతో ఆ ఇంటిపేరు ఇక్కడివాళ్లకు దగ్గరైంది.

హైదరాబాద్‌కు సంబంధించినంత వరకు ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద పేరు ఆసిఫ్ ఇక్బాల్. 1943లో హైదరాబాద్‌లో పుట్టారు. భారత్‌కు 22 టెస్టులు ఆడిన ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్ ఆయనకు మేనమామ వరస. ఆసిఫ్ కుర్రతనంలోనే హైదరాబాద్‌కు రంజీ మ్యాచ్‌లు ఆడారు. 1961లో కుటుంబంతో పాకిస్తాన్ వెళ్లిపోయారు. మూడేళ్ల తర్వాత 1964లో కరాచీలో ఆస్ట్రేలియా మీద పాకిస్తాన్ తరఫున తొలి టెస్టు ఆడారు. అప్పుడాయన కొత్త బంతి వేసే బౌలర్, బ్యాటింగ్‌కు దిగింది పదో స్థానంలో. అదే మనిషి 1967లో ఓవల్‌లో ఎనిమిది వికెట్లు పడిపోయి జట్టు మునిగిపోతున్నప్పుడు ఇంతిఖాబ్ ఆలంతో కలిసి తొమ్మిదో వికెట్‌కు 190 పరుగులు జోడించి, 146 కొట్టారు. మొత్తం 58 టెస్టుల్లో 11 సెంచరీలు చేశారు.

1979-80లో పాకిస్తాన్ జట్టు భారత్‌కు వచ్చినప్పుడు దాని కెప్టెన్ ఆసిఫ్ ఇక్బాలే. హైదరాబాద్ రంజీ ఆటగాడు ప్రత్యర్థి దేశానికి నాయకుడై రావడం ఇక్కడి క్రికెట్ అభిమానులకు ఒక చిత్రమైన అనుభవం. ఆ సిరీస్‌ను భారత్ 2-0తో గెలిచింది. కలకత్తాలో జరిగిన చివరి టెస్టే ఆసిఫ్‌కూ చివరి టెస్టు. ఆ రోజు ఈడెన్ గార్డెన్స్ ప్రేక్షకులు లేచి నిలబడి ఆయనకు వీడ్కోలు పలికారు. ఆట మానేశాక ఆయన వెళ్లింది గల్ఫ్‌కే. అబ్దుల్ రహమాన్ బుఖాతిర్ షార్జాలో మైదానం కట్టి 1981 నుంచి పోటీలు పెడితే, వాటి నిర్వాహకుడిగా ఆసిఫ్ ఇక్బాల్ పనిచేశారు. 1984లో మొదటి ఆసియాకప్ ఆ మైదానంలోనే జరిగింది. గల్ఫ్ కార్మికులు శుక్రవారం నాడు భారత్, పాకిస్తాన్ మ్యాచ్‌లు చూడటానికి బారులు తీరిన షార్జా క్రికెట్ వెనుక ఒక హైదరాబాదీ చెయ్యి ఉందన్న సంగతి ఈ తరంలో చాలామందికి తెలియదు. తెలియాల్సిన సంగతి అది.

ఒక దేశానికి ఆడినవాడు ఇంకో దేశానికి మారాలంటే ఇప్పుడు మరో షరతు ఉంది. మొదటి దేశానికి చివరి మ్యాచ్ ఆడిన నాటి నుంచి మూడేళ్లు ఖాళీగా ఉండాలి. కొత్త దేశంలో పుట్టినా, అక్కడి పాస్‌పోర్టు ఉన్నా ఈ విరామం తప్పదు. న్యూజీలాండ్‌కు ఆడి, 2014లో 36 బంతుల్లోనే వన్డే సెంచరీ కొట్టిన కోరీ ఆండర్సన్ 2018లో ఆ జట్టుకు చివరి మ్యాచ్ ఆడాడు. తర్వాత అమెరికాలో స్థిరపడి, నివాస కాలం పూర్తి చేసుకుని 2024లో అమెరికాకు ఆడాడు. దక్షిణాఫ్రికాకు ఆడిన డేవిడ్ వీజా తండ్రి వైపు నుంచి వచ్చిన అర్హతతో 2021లో నమీబియాకు వెళ్లాడు. ఇంగ్లండ్‌కు ఆడిన గ్యారీ బ్యాలెన్స్ తాను పుట్టిన జింబాబ్వేకు తిరిగి వచ్చి 2023లో వెస్టిండీస్ మీద సెంచరీ చేశాడు. రెండు దేశాల తరఫున టెస్టు సెంచరీలు చేసిన రెండో ఆటగాడు అతను. మొదటివాడు ఆస్ట్రేలియాకూ దక్షిణాఫ్రికాకూ ఆడిన కెప్లర్ వెసెల్స్.

ఈ విరామ నియమంలో ఒక పెద్ద వెసులుబాటు ఉంది. ఐసీసీలో టెస్టు హోదా గల పూర్తి సభ్యదేశాలు 12 మాత్రమే, మిగిలిన తొంభైకి పైగా దేశాలు అనుబంధ సభ్యులు. అనుబంధ దేశం నుంచి పూర్తి సభ్యదేశానికి వెళ్లేవాడు మూడేళ్లు ఆగనక్కర్లేదు. అటు నుంచి ఇటు రావాలంటే మాత్రం ఆగాలి. 2019 ఏప్రిల్‌లో అమెరికాకు వన్డేలు ఆడిన హేడెన్ వాల్ష్ అదే ఏడాది నవంబరుకల్లా వెస్టిండీస్ జట్టులో ఉన్నాడు. సింగపూర్‌కు ఆడిన టిమ్ డేవిడ్ 2022లో ఆస్ట్రేలియాకు ఆడాడు. ఎదగాలనుకునే ఆటగాడికి ఇది మేలే. కానీ ఏళ్ల తరబడి అతన్ని తీర్చిదిద్దిన చిన్న దేశానికి ఏమీ మిగలదు.

ఈ నష్టాన్ని అందరికంటే ఎక్కువ భరించింది ఐర్లాండ్. 2006లో ఐర్లాండ్ తన మొట్టమొదటి వన్డేను బెల్‌ఫాస్ట్‌లో ఇంగ్లండ్ మీద ఆడింది. ఆ రోజు ఇంగ్లండ్ తరఫున తొలి మ్యాచ్ ఆడిన ఎడ్ జాయిస్ ఐరిష్‌వాడు, అవతల ఐర్లాండ్ జట్టులో తొలి మ్యాచ్ ఆడుతున్నది అతని తోడబుట్టిన డామినిక్. ఐర్లాండ్‌కు ఆడిన తన తొలి వన్డేలోనే 99 పరుగులు చేసిన ఇయాన్ మోర్గాన్ 2009లో ఇంగ్లండ్‌కు మారి, 2019లో ఆ దేశానికి ప్రపంచకప్ అందించిన కెప్టెన్ అయ్యాడు. ఫాస్ట్ బౌలర్ బాయ్డ్ ర్యాంకిన్ ఇంగ్లండ్‌కు వెళ్లి ఒకే ఒక్క టెస్టు ఆడి మళ్లీ ఐర్లాండ్‌కు వచ్చాడు. 2017లో ఐర్లాండ్‌కు పూర్తి సభ్యత్వం వచ్చాకే ఈ వలస ఆగింది. నివాస నియమం న్యాయమైనదే, ఈ ఒకవైపు దారి మాత్రం న్యాయమైనది కాదు. విరామం అంటూ పెడితే అది రెండు వైపులా ఉండాలి.

ఐసీసీ చెప్పేది కనీస అర్హత మాత్రమే. దానిమీద ఏ దేశ బోర్డైనా తన నిబంధన పెట్టుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు దాటాక వచ్చినవాళ్లకు ఇంగ్లండ్ బోర్డు ఒకప్పుడు ఏడేళ్ల నివాసం అడిగేది. 2018 చివర్లో దాన్ని మూడేళ్లకు తగ్గించింది. బార్బడోస్‌లో పుట్టి, వెస్టిండీస్ అండర్-19కు ఆడిన జోఫ్రా ఆర్చర్ ఆ మార్పు వల్లే 2019 మేలో ఇంగ్లండ్ జట్టులోకి వచ్చాడు. జులైలో ప్రపంచకప్ ఫైనల్ సూపర్ ఓవర్ వేసింది అతనే.

జట్టు నుంచి జట్టుకు మారకుండా, దేశం నుంచి దేశానికి మాత్రమే మారినవాళ్లకు తెలుగువాళ్లలో చక్కని ఉదాహరణ తేజ నిడమనూరు. 1994లో విజయవాడలో పుట్టాడు, పెరిగింది న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో. అక్కడి ప్రాంతీయ జట్టు దాకా వెళ్లినా జాతీయ జట్టు అందనంత దూరంలో ఉండింది. 2019లో క్లబ్ క్రికెట్ ఆడటానికి నెదర్లాండ్స్ వెళ్లి, ఉద్యోగం చేసుకుంటూ అక్కడే ఉండిపోయాడు. 2022 మే 31న వెస్టిండీస్ మీద నెదర్లాండ్స్ తరఫున తొలి వన్డే ఆడి 58 పరుగులతో అజేయంగా నిలిచాడు. అంతకుముందు ఏ దేశానికీ ఆడలేదు కాబట్టి విరామం ప్రసక్తే రాలేదు, నివాసమే సరిపోయింది.

2023లో తేజ పేరు ప్రపంచానికి తెలిసింది. మార్చిలో హరారేలో జింబాబ్వే మీద జట్టు ఆరు వికెట్లు పోగొట్టుకున్నాక 110 పరుగులతో నాటౌట్‌గా ఉండి మ్యాచ్ గెలిపించాడు. జూన్‌లో అదే నగరంలో ప్రపంచకప్ అర్హత పోటీల్లో వెస్టిండీస్ 374 చేసింది. తేజ 76 బంతుల్లో 111 కొట్టి స్కోరును సమానం దాకా తీసుకొచ్చాడు. సూపర్ ఓవర్‌లో లోగన్ వాన్ బీక్ 30 పరుగులు బాది నెదర్లాండ్స్‌ను గెలిపించాడు. రెండుసార్లు ప్రపంచ విజేత అయిన వెస్టిండీస్ ఆ ఏడాది ప్రపంచకప్‌కు రాలేకపోయింది, నెదర్లాండ్స్ వచ్చింది.

ఆ ప్రపంచకప్‌లో నెదర్లాండ్స్ మొదటి రెండు మ్యాచ్‌లూ హైదరాబాద్‌లోని ఉప్పల్ మైదానంలోనే పడ్డాయి. అక్టోబరు 6న పాకిస్తాన్‌తో, 9న న్యూజీలాండ్‌తో. విజయవాడలో పుట్టిన కుర్రాడు నారింజ రంగు జెర్సీలో, తాను పెరిగిన న్యూజీలాండ్ మీద, హైదరాబాద్‌లో ఆడాడు. నవంబరు 12న బెంగళూరులో భారత్ 410 పరుగులు చేశాక నెదర్లాండ్స్‌కు గెలుపు ఆశ లేదు. అయినా తేజ ఆరు సిక్సర్లతో 54 పరుగులు చేశాడు. అతన్ని చివరి వికెట్‌గా ఔట్ చేసింది ఎప్పుడో తప్ప బంతి పట్టని రోహిత్ శర్మ.

అమెరికా జట్టు కథ కొంచెం వేరు. హైదరాబాద్ రంజీ వికెట్‌కీపర్ ఇబ్రహీం ఖలీల్ 2011-12 సీజన్‌లో గువాహటిలో అస్సాం మీద ఒకే మ్యాచ్‌లో 14 మందిని ఔట్ చేయడంలో పాలుపంచుకుని ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అయినా భారత జట్టు పిలుపు రాలేదు. అమెరికా వెళ్లి, అర్హత సంపాదించి, 2018లో ఆ దేశ జట్టుకు కెప్టెన్‌గా వ్యవహరించాడు. అతని తర్వాత కెప్టెన్ అయిన సౌరభ్ నేత్రవల్కర్ ముంబయి రంజీ ఆటగాడు, సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. 2024 జూన్‌లో డల్లాస్‌లో పాకిస్తాన్ మీద సూపర్ ఓవర్ వేసి అమెరికాను గెలిపించాడు. ఆ తర్వాత న్యూయార్క్‌లో విరాట్ కోహ్లీని తొలి బంతికే పంపాడు.

వీళ్లది మొదటి తరం. అక్కడే పుట్టిన రెండో తరం తెలుగు పిల్లలు నివాస నియమంతో పనిలేకుండా పుట్టుకతోనే అర్హులు. న్యూజెర్సీలో పుట్టిన సాయితేజ ముక్కామల అమెరికా పురుషుల జట్టుకు ఆడుతున్నాడు. గీతిక కొడాలి 2023లో తొలి అండర్-19 మహిళల ప్రపంచకప్‌లో అమెరికాకు కెప్టెన్. ఇలాంటి పిల్లలు ఎప్పుడైనా భారత జట్టుకు ఆడాలనుకుంటే దారి చాలా ఇరుకు. భారత రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే అంతర్జాతీయ పోటీల్లో దేశానికి ప్రాతినిధ్యం వహించాలని కేంద్ర క్రీడాశాఖ 2008లో తేల్చిచెప్పింది. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డుతో ఇంటికి రావచ్చు, పొలం పనులు చూసుకోవచ్చు, భారత జెర్సీ మాత్రం వేసుకోలేరు. ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లకూ ఒక గీత ఉంది. భారత బోర్డు కింద ఆడుతున్నంత కాలం పురుష క్రికెటర్లు విదేశీ టీ20 లీగ్‌లు ఆడకూడదు. 2012లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన కెప్టెన్ ఉన్ముక్త్ చంద్ అమెరికా వెళ్లడానికి ముందు 2021లో ఇక్కడి క్రికెట్ నుంచి రిటైర్ కావాల్సి వచ్చింది.

గుంటూరులో పుట్టి హైదరాబాద్‌కు ఆడిన అంబటి రాయుడికి 2019 ప్రపంచకప్‌లో చోటు దొరకనప్పుడు ఐస్‌లాండ్ క్రికెట్ సంఘం తమ దేశానికి వచ్చి ఆడమని, శాశ్వత నివాసం ఇస్తామని బహిరంగంగా ఆహ్వానించింది. రాయుడు ఒప్పుకున్నా వెంటనే ఆడే వీలు ఉండేది కాదు. నివాసం మూడేళ్లు, విరామం మూడేళ్లు, రెండూ గడవాలి.

రాష్ట్రం మారడానికి ఇన్నేళ్లు అక్కర్లేదు. రంజీలో సొంత సంఘం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుంటే మరో రాష్ట్రానికి బయటి ఆటగాడిగా వెళ్లవచ్చు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి హైదరాబాద్‌కు, ఆంధ్రకు ఆడి, 2025లో త్రిపురకు వెళ్లాడు. రాయుడు హైదరాబాద్‌తో పాటు ఆంధ్ర, బరోడా, విదర్భ జట్లకు ఆడాడు. నిజామాబాద్ కుర్రాడికి అసలు కష్టం ఆ పత్రానికి ముందే మొదలవుతుంది. రాష్ట్రమంతటికీ రంజీ జట్టు హైదరాబాద్ ఒక్కటే, ఎంపికకు దారి చూపే లీగ్ క్లబ్బులు రాజధానిలోనే ఉన్నాయి. ఏర్గట్ల నుంచి అక్కడికి చేరి, గది అద్దెకు తీసుకుని, ఏళ్లపాటు లీగ్ ఆడగలిగే ఇళ్లు తక్కువ. పొద్దంతా మక్క చేలల్లో, పసుపు తోటల్లో పనిచేసే ఇంటికి అది మోయలేని ఖర్చు. అందుకే ఆట వచ్చిన పిల్లలు చాలామంది ఇంటర్ తర్వాత వీసా వైపు చూస్తారు.

నివాస నియమం ఐసీసీ పోటీల వరకే చెల్లుతుంది. ఆసియా క్రీడల్లో పౌరసత్వం తప్పనిసరి. 2023లో హాంగ్‌జౌలో జరిగిన పురుషుల క్రికెట్‌లో గల్ఫ్ దేశాల జట్టు ఒక్కటి కూడా లేదు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ తిరిగి వస్తోంది. పురుషుల్లో ఆరు, మహిళల్లో ఆరు జట్లు టీ20 మ్యాచ్‌లు ఆడతాయి. అక్కడ ఒలింపిక్ నిబంధనే వర్తిస్తుంది, అంటే ఆటగాడు ఏ దేశానికి ఆడితే ఆ దేశ పౌరుడై ఉండాలి. వర్క్ వీసా మీద, గ్రీన్‌కార్డు మీద ఉంటూ ఇన్నాళ్లు అమెరికాకు ఆడినవాళ్లు ఆ జట్టులో ఉండాలంటే అప్పటికల్లా అమెరికా పాస్‌పోర్టు తీసుకోవాలి, భారత పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేయాలి.